కెమెరాలు సరే, వేలిముద్రలు ఎవరు తీస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మన విశాఖ నగరంలో మరిన్ని సీసీ కెమెరాలు పెడుతున్నారని, ఇక దొంగతనాల కేసులు తొందరగా తేలిపోతాయని గత వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. కెమెరాలు వద్దని నేను అనను. కానీ కెమెరా ఉంటే చాలు, మిగతా దర్యాప్తు దానంతట అదే అయిపోతుందన్నట్టు అధికారులు మాట్లాడటం చూస్తే ఒళ్లు మండుతోంది.

మా వీధిలో దొంగతనం జరిగినప్పుడు ఏమైందో చెప్తాను. ఇంటివాళ్లు శ్రీకాకుళంలో పెళ్లికి వెళ్లి వచ్చేసరికి తాళం విరిగి ఉంది, బీరువా ఖాళీ. పోలీసులకు ఫోన్ చేస్తే అవతల నుంచి ‘ఏమీ ముట్టుకోకండి, ఆ గదిలోకి ఎవరినీ రానివ్వకండి’ అన్న ముక్క ఒక్కరూ చెప్పలేదు. వచ్చిన కానిస్టేబులే బీరువా తలుపు చేత్తో పట్టుకుని తెరిచాడు. చూడటానికి వచ్చిన వీధి జనమంతా ఆ గదిలో తిరిగారు. వేలిముద్రల్లాంటి ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ మర్నాడు సాయంత్రం వచ్చింది. అప్పటికి ఇల్లు కడిగేశారు కూడా. ముద్రలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయని చెప్పి వెళ్లిపోయారు. ఆ తప్పు ఇంటివాళ్లదా?

వీధి చివర కెమెరా ఉంది, మేమే చందాలు వేసుకుని పెట్టించుకున్నాం. రాత్రిపూట బండి హెడ్‌లైట్ వెలుగు తప్ప నంబరు ప్లేటు కనపడలేదు. టైము కూడా తప్పుగా ఉంది. ఎదురు షాపు ఫుటేజీ అడగడానికి వచ్చేసరికి అది చెరిగిపోయింది. హార్డ్‌డిస్క్ నిండితే పాతది పోయి కొత్తది రికార్డవుతుందని పోలీసులకు తెలియదా? పైగా ‘ఎందుకు దాచలేదు’ అని షాపాయన మీద కేకలు! ఊళ్లో ఎన్ని వేల కెమెరాలు పెట్టినా, మొదటి రోజే వెళ్లి ఫుటేజీ కాపీ తీసుకోకపోతే ఏం లాభం?

వేలిముద్రల విభాగం అన్నది ప్రపంచంలోనే మొదట మన కలకత్తాలో 1897లో పెట్టారు. ఆ ముద్రలను వర్గీకరించే పద్ధతి వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్ల కృషి ఉంది. ఇప్పుడు దేశమంతటి పాత నేరస్థుల ముద్రలను కంప్యూటర్లో పోల్చి చూసే నఫీస్ అనే వ్యవస్థ 2022 నుంచి ఉంది. ఇళ్ల దొంగతనాలు చాలావరకు అలవాటు పడ్డవాళ్లే మళ్లీ మళ్లీ చేస్తారు కాబట్టి, ఇలాంటి కేసుల్లో ఒక్క మంచి ముద్ర దొరికితే మనిషి పేరే బయటపడొచ్చు. అసలు ముద్రే తీయనప్పుడు కంప్యూటర్ దేనితో పోల్చాలి?

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరం జరిగితే ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలి, వీడియో తీయించాలి. ఇంట్లో దొంగతనానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. కాకపోతే దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చారు. గడువు ఉంది కదా అని అప్పటిదాకా మా ఇళ్లు ఇలాగే వదిలేస్తారా అన్నదే నా భయం.

జాగిలం వస్తే జనం గుమిగూడతారు, ఫొటో వస్తుంది. దొంగ బండెక్కిన చోట దానికి వాసన తెగిపోతుంది, కోర్టులు కూడా దాన్ని గట్టి సాక్ష్యంగా తీసుకోవు. ఆ సమయంలో ఆ చుట్టుపక్కల ఏయే ఫోన్లు ఉన్నాయో చెప్పే సెల్ టవర్ లెక్కలు మేలే, కానీ జగదాంబ జంక్షన్‌లాంటి చోట ఒక్క గంటలో ఎన్ని వేల నంబర్లు ఉంటాయి! రెండు మూడు దొంగతనాలు జరిగిన చోట్లన్నిటా కనిపించిన నంబరేదో ఓపిగ్గా వెతికితేనే అది పనికొస్తుంది. ఇక వీధుల్లో ఎవరు కొత్తగా తిరుగుతున్నారో కనిపెట్టాల్సిన బీట్ కానిస్టేబులు ఎక్కడ? వీఐపీ వచ్చినా, ఆర్కే బీచ్‌లో కార్యక్రమం పెట్టినా బందోబస్తుకు తీసుకుపోతున్నారు. తాళం వేసి ఊరెళ్లేవాళ్లు యాప్‌లో చెబితే ఇంట్లో కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ పథకం మన రాష్ట్ర పోలీసులే తెచ్చారు. మా వీధిలో దాని పేరు విన్నవాళ్లే లేరు.

ఇవేవీ చేయకపోతే చివరికి మిగిలేది పాత నేరస్థుణ్ని తెచ్చి ఒప్పించడమే. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. 2007లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో విద్యార్థిని హత్య కేసు గుర్తుంది కదా. దోషి అని 2010లో శిక్ష వేసిన యువకుణ్ని 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలేసింది. అతని ఎనిమిదేళ్లు జైల్లో పోయాయి. ఆ అమ్మాయిని చంపిందెవరో ఆ తీర్పుతో తేలలేదు.

అందుకని కమిషనర్ గారిని కోరేదొక్కటే. స్టేషన్ల వారీగా ప్రతి నెలా లెక్కలు బయటపెట్టండి. ఎన్ని దొంగతనాలు జరిగాయి, క్లూస్ టీమ్ ఎన్ని గంటల్లో వెళ్లింది, ఎన్ని ముద్రలు దొరికాయి, వాటిలో ఎన్ని కలిశాయి, ఎన్ని కెమెరాలు పనిచేస్తున్నాయి. మీ పత్రిక కూడా ముసుగులేసి నిలబెట్టిన నిందితుల ఫొటోలతో సరిపెట్టకుండా, ప్రెస్‌మీట్‌కు వెళ్లినప్పుడల్లా ఈ లెక్కలు అడగాలి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం