2024–25 వార్షిక నివేదిక: మన పిల్లల చదువు, మన కుర్రాళ్ల పని

సభ్యులందరికీ నమస్కారం. రోడ్లు, డ్రైనేజీ, వీధి దీపాల సంగతి ఈసారి చివర్లో రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే ఈ ఏడాది మన కాలనీ సంఘం పని దాదాపు అంతా పిల్లల చదువుల చుట్టూనే తిరిగింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో మన సింగ్ నగర్ మునిగినప్పుడు మన ఇళ్లలో ఏమేం పోయాయో మీకు చెప్పక్కర్లేదు. ఫ్రిజ్జు, మంచం, బండి అప్పో సప్పో చేసి మళ్లీ కొనుక్కున్నాం. కానీ బీరువా కింది అరలో దాచిన టెన్త్ మెమోలు, టీసీలు, ఐటీఐ సర్టిఫికెట్లు తడిసి ముద్దయితే పిల్లలు పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. అందుకే బురద ఎత్తిపోసుకున్న వెంటనే మన కుర్రాళ్లే ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏ కాగితం పోయిందో రాసుకొచ్చారు. డూప్లికేట్ మెమోకి చదివిన స్కూలు హెడ్మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు వెళ్లాలి, కులం, ఆదాయం సర్టిఫికెట్లకు వార్డు సచివాలయం. ఒక ప్రైవేటు కాలేజీ మాత్రం పాత ఫీజు కడితేనే టీసీ అని పట్టుబడితే మన పెద్దలు వెళ్లి మాట్లాడి వాయిదాలకు ఒప్పించారు. ఇప్పుడు ప్రతి కాగితం ఫోటో తీసి, ఫోన్లోనే సర్టిఫికెట్లు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో పెట్టిస్తున్నాం. ఇంకా పెట్టనివాళ్లు దయచేసి వానాకాలం రాకముందే పెట్టండి.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష గురించి చాలామంది తల్లిదండ్రులకు తెలియనే తెలియదు. ప్రభుత్వ, మున్సిపల్, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలు ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి, కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. మన పిల్లలు లెక్కలు, సైన్స్ బాగానే చేస్తున్నారు, మెంటల్ ఎబిలిటీ పేపర్ దగ్గరే తడబడుతున్నారు, బడిలో ఎక్కడా అలాంటి ప్రశ్నలు చూడరు కాబట్టి. ఆదివారం క్లాసులు దానికోసమే పెట్టాం.

ఇక అసలు విషయం. టెన్త్ రాసిన మర్నాడే ఆటోనగర్‌లో వాహనాల రిపేరు షెడ్డుకి వెళ్లిపోయే పిల్లలు మన కాలనీలో ప్రతి వీధిలో ఉన్నారు. ఇంజను విప్పి బిగించే పని వాళ్లకి చక్కగా వస్తుంది, పదేళ్ల తర్వాత కూడా చేతిలో ఒక్క సర్టిఫికెట్ ఉండదు, జీతం పెంచమని అడగడానికి ఆధారం ఉండదు. అదే కుర్రాడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేస్తే ఆర్టీసీలో అప్రెంటిస్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. టెన్త్ పోయిందా, వెల్డర్, ప్లంబర్ లాంటి ట్రేడులకు ఎనిమిది పాసైతే చాలు, ఓపెన్ స్కూల్లో టెన్త్ మళ్లీ కట్టొచ్చు. పాలిటెక్నిక్‌లో చేరడానికి పాలిసెట్ రాయించాలనుకుంటే టెన్త్ ఫలితాల దాకా ఆగొద్దు, 2025లో పరీక్ష ఏప్రిల్ 30నే అయిపోయింది.

ఆడపిల్లలకు కుట్టు మిషన్లు ఇద్దామని సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మంచి మనసుతోనే వచ్చింది, కానీ నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ నా మాట అదే. వాళ్లకి ఐటీఐలో ఏడాది కంప్యూటర్ ఆపరేటర్ కోర్సు ఉంది, ఎలక్ట్రానిక్స్ ఉంది, ముందు ఇంటర్ మాన్పించకుండా చూద్దాం. 2025 జనవరి 4న ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది మన పక్కనే ఉన్న పాయకాపురం కాలేజీలోనే కదా, పూట భోజనం ఖర్చు తగ్గిందని ఇంట్లో చెప్పండి.

ఆటోనగర్‌లో షెడ్లున్న సభ్యులకు ఒక విన్నపం. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం, ఆ పైన పద్దెనిమిది దాకా ప్రమాదకరమైన పనులు చేయించకూడదు. అంతకంటే పెద్ద కుర్రాళ్లని ఊరికే పెట్టుకోకుండా అప్రెంటిస్‌గా నమోదు చేయండి. నలుగురు పనివాళ్లున్న చిన్న షెడ్డుకి కూడా ఈ అవకాశం ఉంది, స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఆన్‌లైన్ నమోదు మీకు కష్టమైతే మా కుర్రాళ్లు షెడ్డుకే వచ్చి చేసిపెడతారు.

డ్రైనేజీ గురించి కార్పొరేషన్‌కి అర్జీ ఇచ్చాం, పని సగంలో ఉంది. వీధి దీపాలు వెలుగుతున్నాయి. జమాఖర్చుల పట్టిక వాట్సాప్ గ్రూపులో పెట్టాం, సందేహాలుంటే సర్వసభ్య సమావేశంలో అడగండి. ఆదివారం క్లాసులకు లెక్కలు చెప్పగలిగినవాళ్లు ఇంకో ఇద్దరు కావాలి, రిటైరైన మాస్టార్లు ఎవరైనా ఉంటే మీ వీధి ప్రతినిధికి పేరు ఇవ్వండి.