పిడికి సోకు సరే, కర్రకు నార చూడండి

సంపాదకులకు,

పాత చెక్కలతో చేసిన అలంకార చేతికర్రల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి. చెక్కను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే లేత్ యంత్రం మీద ఇవే తిప్పుకునే నాకు ఒక్క ఫొటో మాత్రం మింగుడుపడలేదు. అడుగు నుంచి పిడి దాకా రంగురంగుల చెక్క బిళ్లలు పేర్చి అతికించిన కర్ర అది. గోడకు తగిలించుకునేదైతే ఎవరికీ పేచీ లేదు. 'రోజూ వాడుకోవచ్చు' అని కింద రాశారు చూడండి, నా అభ్యంతరం అక్కడే.

చెక్కను నార, అంటే లోపలి పోగులు సాగే వరస, పొడవునా అతికిస్తే జిగురు గట్టిగా పడుతుంది. అడ్డంగా కోసిన ముఖాలను ఒకదానికొకటి ఆనించి అతికిస్తే, అక్కడున్న సన్నటి గొట్టాలు జిగురును పీల్చేస్తాయి. అతుకులో బలం ఉండదు. అలాంటి అతుకులు వరసగా ఉన్న కర్ర మీద మనిషి బరువు మోపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రంగు వలయాలు కావాలంటే పిడి కింద రెండో మూడో పెట్టుకోవచ్చు. వాటి మధ్యలోంచి స్క్రూలా మరలు ఉన్న స్టీలు కడ్డీ ఒకటి పైకి పిడిలోకి, కిందికి కర్రలోకి బాగా లోతుగా దిగాలి.

కర్రకు పాత టేకు చాలు. ఏళ్ల తరబడి ఆరిన చెక్క, పచ్చి చెక్కలా తర్వాత వంకర పోదు. అయితే నార చూసుకోవాలి. అది ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా సాగాలి. మధ్యలో పక్కకు జారిందంటే ఆ ఏటవాలు గీత వెంటే చీలుతుంది, పైన ఎంత నున్నగా తిప్పినా సరే. చెక్క మీద నల్లటి మరక కనిపిస్తే లోపల మేకు విరిగి ఉందేమోనని అనుమానించాలి, లేకపోతే ఉలి అంచు పోతుంది. పాత రంగు ఉంటే అందులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకకూడదు.

ఇక విదేశీ చెక్కలు. ఎర్రగా నిగనిగలాడే ఆఫ్రికన్ పడాక్‌ను తెల్లటి మేపుల్ పక్కన పెట్టి ఉప్పుకాగితం పట్టారనుకోండి, ఆ ఎర్ర పొడి మేపుల్ రంధ్రాల్లో కూరుకుపోయి తెలుపంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. తుడిస్తే ఇంకా పాకుతుంది. ముందే తెల్ల చెక్కకు లక్క పాలిష్ ఒక పూత వేసి, పదునైన ఉలితోనే నునుపు తెచ్చుకుంటే ఈ గొడవ తగ్గుతుంది. ఇంత కష్టపడ్డా ఎండ తగిలే కొద్దీ పడాక్ గోధుమరంగులోకి దిగిపోతుంది. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు! కొకబోలో లాంటి నూనె చెక్కలైతే అతికించే ముందు ఎసిటోన్‌తో తుడవందే జిగురు పట్టదు. దాని పొడికి కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. ఏ చెక్క పొడి అయినా మంచిది కాదు. 1995లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మీ వ్యాసంలో మాస్కు ఊసే లేదు.

రోజ్‌వుడ్‌ను తెగ మెచ్చుకున్నారు. అంతరించే ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వాణిజ్యంపై ఉన్న సైటిస్ ఒప్పందం కింద బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉంది. అది చేరిన డాల్బెర్జియా ప్రజాతిలో మిగతా రకాలన్నీ 2017 జనవరి 2 నాటికి రెండో జాబితాలోకి వచ్చాయి. పిడికి జానెడు ముక్క చాలు కాబట్టి, విరిగిన పాత కుర్చీ కాలులో దొరికితే కొత్త చెట్టు జోలికి పోనక్కర్లేదు.

వ్యాసంలో కొలత కూడా ఇవ్వలేదు. చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చేయి వదిలేస్తే మణికట్టు మడత ఎక్కడికి వస్తుందో, పిడి పైభాగం అక్కడికి రావాలి. అడుగున రబ్బరు తొడుగు కూడా కలిపి కొలవాలి. ఈసారి ఇలాంటి వ్యాసం వేస్తే, పిడి ఫొటోతో పాటు కర్ర నార కనిపించే ఫొటో కూడా ఒకటి వేయండి.

ఇట్లు,
లేత్ పని చేసుకునే ఒక పాఠకుడు