పినోకియో గురించి, ఫోన్లో చెప్పలేకపోయింది

అమ్మలూ,

మొన్న ఆదివారం "సినిమా చూసేశాను కదా నాన్నా, మళ్లీ పుస్తకం ఎందుకు" అన్నావు. నేను నోరు తెరిచేలోపే మీ హాస్టల్ బెల్ మోగింది. అందుకే రాస్తున్నా.

నువ్వు చూసింది 1940లో డిస్నీ వాళ్లు తీసింది. అసలు కథను ఇటలీలో కార్లో కొల్లోడి 1881 నుంచి ఒక పిల్లల పత్రికలో సీరియల్‌గా రాశాడు. పదిహేనో అధ్యాయంలో పినోకియో అనే ఆ కొయ్యబొమ్మను చెట్టుకు ఉరేసి కథ ముగించేశాడు కూడా, తర్వాత మళ్లీ బతికించాడనుకో. సినిమాలో గొడుగు పట్టుకుని నీతులు చెబుతూ చివరిదాకా వెంట తిరిగే కీచురాయి ఉంది చూడు, పుస్తకంలో నాలుగో అధ్యాయంలోనే పినోకియో సుత్తి విసిరి దాన్ని చంపేస్తాడు. నేను ఫోన్ చేసినప్పుడల్లా టెస్టు మార్కులు అడుగుతుంటే నీకూ ఆ సుత్తే గుర్తొస్తుందేమో.

సినిమాలో పినోకియోను చెక్కిన తండ్రి జెప్పెట్టో ఇంటినిండా గడియారాలు, పిల్లి, చేపపిల్ల. పుస్తకంలో పొయ్యి కూడా ఉండదు, గోడమీద మంట బొమ్మ, దాని పక్కన ఆవిరి కక్కుతున్న కుండ బొమ్మ గీసి ఉంటాయి, అంతే. మంచు పడుతున్న రోజున ఆయన కోటు అమ్మి అక్షరాల పుస్తకం కొనిస్తే వీడు దాన్ని నాలుగు నాణేలకు అమ్ముకుని బొమ్మలాటకు పోతాడు. అక్కడ నాకు ఒళ్లు మండింది.

ఇక జెప్పెట్టోను మింగిన ఆ తిమింగలం సంగతి. సినిమాలో తండ్రిని కాపాడి ప్రాణం పోగొట్టుకుంటాడు, దేవకన్య వచ్చి నిజం అబ్బాయిని చేసేస్తుంది. పుస్తకంలో అది సొరచేప, దాని కడుపులోంచి బయటపడ్డాక కూడా వాడు కొయ్యబొమ్మే. తండ్రికి జబ్బు, గ్లాసుడు పాలకు డబ్బుల్లేవు. వంద బాల్చీల నీళ్లు తోడితే పాలిస్తానంటాడు ఒక రైతు. అప్పటిదాకా ఆ పని చేసిన గాడిద పాకలో చావుబతుకుల్లో ఉంటే, వీడు దగ్గరికెళ్లి ఎవరని అడుగుతాడు. వత్తి! దీపం వత్తిలా సన్నగా ఉంటాడని ఆ పేరుతో పిలిచిన బడి స్నేహితుడు. సినిమాలో ఆటల దీవిలో వాడు గాడిదగా మారేటప్పుడు చేతులు గిట్టలైపోయి అమ్మా అని అరుస్తాడే, చిన్నప్పుడు నువ్వు దిండులో ముఖం దాచుకున్నది అక్కడే. ఆ సీను అంత బాగా తీసి తర్వాత వాణ్ని ఆ దీవిలోనే వదిలేశారు, ఏమయ్యాడో మళ్లీ ఒక్క మాట లేదు. సినిమా మీద నా కోపం అదొక్కటే.

పుస్తకంలో ఆ తర్వాత పినోకియో ఐదు నెలలకు పైగా తెల్లవారకముందే లేచి నీళ్లు తోడతాడు, బుట్టలు అల్లడం నేర్చుకుంటాడు. సాహసాలేమీ ఉండవు. నాకు ఆ నాలుగు పేజీలే ఇష్టం.

పుస్తకం పక్కింటి మామయ్యతో పంపిస్తున్నా. అమ్మ జామకాయలు కూడా పెట్టింది. పినోకియో బేరిపండ్లకు తొక్క తీసిపెట్టమని పేచీ పెట్టే ఏడో అధ్యాయం చదివాకే తిను.

నాన్న