మార్చి బ్యాచ్ టైము మారింది, కిట్‌లో సామాను కూడా మారింది

నమస్కారం అండీ. వర్జీనియాలో హెర్న్‌డన్, ఆష్‌బర్న్, చాంటిలీ చుట్టుపక్కల నుంచి మా దగ్గర మాక్రో కిట్లు (పూలను బాగా దగ్గరనుంచి ఫొటో తీసే సామాను) అద్దెకు తీసుకునేవాళ్ళకూ, అడవిపూల నడకలకు పేర్లిచ్చినవాళ్ళకూ ఈ కబురు. మార్చి ఆఖరి వారం, ఏప్రిల్ మొదటి వారం బ్యాచ్‌లు ముందు చెప్పినట్టు పొద్దున ఏడింటికి కాదు, పదింటికి మొదలై ఒంటిగంటకు ముగుస్తాయి. ఏప్రిల్ రెండో వారంలో ఉండే బ్లూబెల్ బ్యాచ్ మాత్రం పాత టైముకే, ఏడింటికే. ఫీజు పెంచలేదు. కొత్త టైము కుదరకపోతే కట్టిన డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం, అందులో ఏమీ కోత పెట్టం.

ఏడింటి టైము పెట్టింది మేమే. వెలుతురు మెత్తగా ఉంటుంది, గాలి ఉండదు అని లెక్క వేసుకున్నాం. ఆ లెక్కలో పువ్వును మర్చిపోయాం. బ్లడ్‌రూట్, హెపాటికా, స్ప్రింగ్ బ్యూటీ, ఈ మూడూ రాత్రికి రేకులు ముడుచుకుంటాయి. ఎండ తగిలి చలి విరిగాకే మళ్ళీ విచ్చుకుంటాయి. మార్చి ఆఖర్లో ఇక్కడ సూర్యుడు ఉదయించేదే ఏడింటి ప్రాంతంలో. అంటే అంత చలిలో లేచి వచ్చినవాళ్ళకు మేం చూపించింది మొగ్గల్ని. పైగా గడియారాలు ముందుకు జరిపాక పదింటికి ఎండ నిజంగా తొమ్మిదింటి ఎండే. సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒంటిగంట దాటాక. కాబట్టి పదికి మొదలుపెట్టినా మిట్టమధ్యాహ్నపు ఎండలో తీస్తున్నట్టు కాదు.

బ్లడ్‌రూట్ విషయంలో ఆలస్యం అసలు పనికిరాదు. ఒక్కో పువ్వు నిలిచేది ఒకటి రెండు రోజులు, బాగా చల్లగా ఉంటే ఇంకాస్త. ఒక్క గట్టి జల్లు పడితే రేకులన్నీ నేలమీద ఉంటాయి. అందుకే దానికి తేదీ ముందుగా ఖాయం చేయం. శని, ఆదివారాలు రెండూ ఖాళీ ఉంచుకోండి, గురువారం రాత్రికి ఏ రోజో చెబుతాం. ఉగాది వారాంతంలో పెట్టమని కొందరు అడిగారు. పంచాంగం ఎలా ఉన్నా బ్లడ్‌రూట్ నేల వెచ్చదనం చూసుకునే పూస్తుంది, మాట ఇవ్వలేం. పూర్తిగా విచ్చుకున్న పువ్వు దొరక్కపోయినా దిగులు పడకండి. మొగ్గ పైకి వచ్చేటప్పుడు ఆకు కాడ చుట్టూ శాలువాలా చుట్టుకుని ఉంటుంది. మా దృష్టిలో విచ్చిన పువ్వు కన్నా ఆ దశే మంచి ఫొటో.

మబ్బు రోజు క్లోజప్‌లకు మంచిదని అందరూ చెబుతారు. ఈ మూడు పూలకు అది వర్తించదు, మబ్బు పడితే సగం ముడుచుకునే ఉంటాయి. ఆ రోజు డచ్‌మన్స్ బ్రీచెస్ వైపు తీసుకెళ్తాం. తీగకు ఆరేసిన లాగుల్లా తలకిందులుగా వేలాడే ఆ తెల్లపూలకు ముడుచుకునే అలవాటు లేదు.

పదింటికి మారడం వల్ల రెండు ఇబ్బందులు వస్తాయి. ఒకటి ఎండ. చెట్లకు ఇంకా ఆకు రాలేదు కాబట్టి నేలమీద నీడ అంటూ ఉండదు, కొమ్మల నీడలు చారలు చారలుగా పూల మీద పడతాయి. అందుకని ప్రతి కిట్‌లో 30 సెం.మీ. మడతపెట్టే తెల్ల డిఫ్యూజర్ (ఎండను మెత్తబరిచే తెర) చేర్చాం. దాన్ని పువ్వుకు 15, 20 సెం.మీ. దూరంలో, ఫ్రేములోకి రాకుండా వీలైనంత దగ్గరగా పట్టుకోండి. దూరం పెరిగేకొద్దీ వెలుతురు మళ్ళీ గట్టిపడుతుంది. ఎక్కువమంది ఒక్కచోట పొరపాటు చేస్తున్నారు: పువ్వును నీడలో పెట్టి వెనకాల ఎండిన ఆకుల్ని ఎండలోనే వదిలేస్తున్నారు. పువ్వు మీద వెలుతురు ఒక స్టాప్ దాకా, అంటే దాదాపు సగానికి తగ్గుతుంది, వెనక తగ్గదు. దాంతో వెనకభాగం పాలిపోయి పువ్వును మింగేస్తుంది. కెమెరాను కాస్త పక్కకు జరిపి, చెట్టు మొదలు నీడ వెనక్కి వచ్చే కోణం వెతకండి. వెలుతురును పువ్వు మీదికి తిప్పే సిల్వర్ రిఫ్లెక్టర్‌ను కిట్‌లోంచి తీసేశాం. దగ్గరనుంచి అది టార్చిలైటు కొట్టినట్టే ఉంటుంది. దాని బదులు పోస్టుకార్డంత తెల్ల అట్ట పెట్టాం.

రెండోది గాలి. ఇది ఎండ కన్నా మొండిది. చిన్న లెక్క చూడండి. పువ్వు సెకనుకు 10 మి.మీ. వేగంతో ఊగుతోందనుకుందాం. 1/100 సెకనులో అది 0.1 మి.మీ. జరుగుతుంది. 1:1 సైజులో, అంటే పువ్వు ఎంతుందో సెన్సార్ మీద బొమ్మ కూడా అంతే పడేలా తీస్తే, అక్కడ కూడా అంతే జరుగుతుంది. పెద్ద సెన్సార్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 0.03 మి.మీ. దాటితే కంటికి మసకగా కనిపిస్తుంది. అంటే షట్టర్ వేగం దాదాపు 1/350 సెకను కావాలి. అదే పువ్వును నాలుగో వంతు సైజులో తీస్తే 1/100 చాలు. కాబట్టి గాలి ఉన్న రోజు షట్టర్ వేగం కోసం ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) పెంచడం ఒక్కటే దారి కాదు, వెనక్కి జరిగి పువ్వుతోపాటు దాని చుట్టూ ఉన్నదాన్ని కూడా తీసుకోండి. కాడను క్లిప్‌తో పట్టుకునే చెయ్యిలాంటి పరికరాన్ని కిట్‌లో ఉంచాం గానీ, బ్లడ్‌రూట్ కాడకు వేయకండి. పెళుసుగా ఉంటుంది, విరిగితే నారింజ ఎరుపు పాలు కారతాయి, ఆ మొక్కకు ఆ ఏటి పువ్వు అంతటితో సరి. క్లిప్‌ను అడ్డొచ్చిన ఎండుపుల్లను పక్కకు పట్టుకోవడానికి వాడండి.

ఇక పాత కరపత్రం సంగతి. అందులో "అన్నిటికీ ఎఫ్/16" అని, అంటే లెన్స్ రంధ్రం (అపర్చర్) బాగా చిన్నది చేయమని అచ్చేశాం. అది చింపేయండి. 1:1 దగ్గర లెన్స్ మీద ఎఫ్/16 అని ఉన్నా పని చేసేది సుమారు ఎఫ్/32లా. లెన్స్ మీది అంకెను, సైజుకు ఒకటి కలిపిన దానితో గుణిస్తే వచ్చేది అదే. అక్కడ డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది, ఫోకస్ ఉన్నచోట కూడా. ఫుల్‌ఫ్రేమ్‌లో ఎఫ్/8 పెడితే ఫోకస్‌లో ఉండే మందం 1:1 దగ్గర 1 మి.మీ. లోపు, సగం సైజు దగ్గర దాదాపు 3 మి.మీ., నాలుగో వంతు దగ్గర 9, 10 మి.మీ. ఈ మూడు అంకెలూ గుర్తుంటే చాలు. స్ప్రింగ్ బ్యూటీ పువ్వు సెంటీమీటరు, సెంటీమీటరున్నర వెడల్పే కాబట్టి సగం సైజు దాటాలనిపిస్తుంది. అప్పుడు కెమెరాను రేకుల తలానికి సమాంతరంగా పెట్టండి, ఉన్న ఆ కాస్త మందం గులాబీ గీతలన్నిటికీ సరిపోతుంది. హెపాటికాను మాత్రం పక్కనుంచి, ఎండకు ఎదురుగా తీయండి. కాడ మీది నూగు వెలగాలంటే అదే కోణం. ఫోకస్ కేసరాల మీద ఉంచి మిగతాది వదిలేయండి.

పువ్వు మొత్తం స్పష్టంగా కావాలంటే ఫోకస్ స్టాకింగ్ ఒక్కటే మార్గం, అంటే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఫొటోలను కంప్యూటర్లో ఒకటిగా కలపడం. బ్లడ్‌రూట్ ముందు రేకు నుంచి వెనక రేకు దాకా 15 మి.మీ. లోతు అనుకోండి. సగం సైజు, ఎఫ్/5.6 అయితే ఒక్కో ఫ్రేములో 2 మి.మీ. దొరుకుతుంది. కొంత మేర ఒకదానిమీద ఒకటి పడాలి కాబట్టి 1.4 మి.మీ. చొప్పున జరిగితే 11 ఫ్రేములు. 40, 50 తీయాల్సిన పనిలేదు, అన్ని తీసేలోపు గాలి రానే వస్తుంది. మధ్యలో పువ్వు కదిలితే ఆ వరస మొత్తం వదిలేసి మొదటినుంచి తీయండి. కంప్యూటర్లో అతుకులు వేసి దాన్ని బాగుచేయడం వృథా శ్రమ.

తెల్లపూల ఎక్స్‌పోజర్‌కు ఒక్క ముక్క. నల్లటి తడి ఆకుల మధ్య చిన్నగా తెల్లపువ్వు ఉంటే కెమెరా ఆకుల్ని చూసి వెలుతురు ఎక్కువ ఇస్తుంది, రేకులు సున్నం పూసినట్టు అయిపోతాయి. కెమెరాలో ఎక్స్‌పోజర్ సర్దుబాటును మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దగ్గర మొదలుపెట్టండి. ఫ్రేము నిండా పువ్వే ఉంటే దానికి తిరగేసి, ప్లస్ 1.

కెమెరాకూ లెన్సుకూ మధ్య వేసే ఎక్స్‌టెన్షన్ ట్యూబుల్లో విద్యుత్ కాంటాక్టులు లేని చవక రకాన్ని తీసేశాం. అవి వేస్తే ఇప్పటి లెన్సుల్లో చాలావాటికి అపర్చర్ మార్చడం కుదరదు. ఇప్పుడు ఇస్తున్నవి 12, 20, 36 మి.మీ. సెట్లు. ట్యూబు పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత సైజు పెరుగుతుందో వస్తుంది. 50 మి.మీ. లెన్స్‌కు 36 వేస్తే 0.72 పెరుగుతుంది, 200కు వేస్తే 0.18 మాత్రమే. అయితే 50తో పువ్వుకూ లెన్సుకూ మధ్య జానెడు దూరం కూడా మిగలదు, మీ నీడే పువ్వు మీద పడుతుంది. 70-300 జూమ్ ఉన్నవాళ్ళు ట్యూబులు అడగకండి, లెన్స్ ముందు బిగించే ప్లస్ 2 క్లోజప్ ఫిల్టర్ అడగండి. ఫోకస్ అనంతం దగ్గర ఉంచితే అర మీటరు దూరం నుంచే 300 దగ్గర 0.6 సైజు వస్తుంది. దారి దిగకుండా తీయడానికి దీన్ని మించింది మా అరల్లో లేదు, అద్దె కూడా మాక్రో లెన్స్‌లో సగమే. ఇలా చెబితే మా వ్యాపారానికి నష్టమని తెలుసు.

దారి దిగకుండా అని ఊరికే అనలేదు. ఈ మొక్కల్లో చాలావాటికి చెట్లు చిగిర్చి నీడ కమ్మేలోపే ఏడాదికి సరిపడా తిండి దుంపలో దాచుకోక తప్పదు. ఆకు నలిగితే ఆ ఏటి సంపాదన పోయినట్టే. పెద్ద పట్టా పరిచి పడుకుంటే దాని కింద ఇంకా మొలకెత్తని వాటిని కూడా తొక్కేసినట్టు. అందుకే గ్రౌండ్‌షీట్లు ఇవ్వడం మానేశాం, చిన్న మోకాలి ప్యాడ్ ఇస్తున్నాం. అది కూడా దారి అంచున వేసుకోవడానికే. కెమెరా ఆనించడానికి ట్రైపాడ్ బదులు గుడ్డసంచి చాలాచోట్ల నయం. ఖాళీ సంచి మేమిస్తాం, కిలో బియ్యం మీ వంటింట్లోంచి జిప్ కవర్లో పోసుకుని అందులో పెట్టుకోండి. నింపిన సంచులే ఇచ్చేవాళ్ళం, తడిసి ముక్కిన వాసనతో తిరిగి రావడంతో మానేశాం.

ట్రైపాడ్‌ల డిపాజిట్ పెంచాం, 40 నుంచి 75 డాలర్లకు. కారణం బురద. బుల్ రన్ పార్కులో బ్లూబెల్స్ ఉండేది వాగు పొంగితే మునిగే నేలలో. కాళ్ళు పూర్తిగా ముడిచి బురదలో పెడితే తిప్పే లాకుల్లోకి ఇసుక చేరి బిగుసుకుపోతాయి. అన్నిటికన్నా కింది ముక్కను ఎప్పుడూ ఒక జానెడు బయటికి లాగే పెట్టండి, లాకు బురదకు పైన ఉంటుంది. ఇంటికెళ్ళాక తుడిచి, కాళ్ళు చాపి రాత్రంతా ఆరనివ్వండి. తడిగా మడిచి తెస్తే విప్పి కడగడానికి పట్టే ఖర్చు డిపాజిట్‌లోంచి తీసుకుంటాం. చల్లటి కెమెరాను హీటర్ వేసిన కారులో బ్యాగులోంచి వెంటనే తీయకండి, కనీసం అరగంట జిప్ మూసే ఉంచండి. లేదంటే లెన్స్ మీద చెమ్మ పడుతుంది.

బ్లూబెల్స్ ముడుచుకోవు కాబట్టి వాటికి పొద్దుటి నిలకడే లాభం. మొగ్గలు గులాబీ, విచ్చాక నీలం. రెండూ ఒకే గుత్తిలో ఉన్నదాన్ని వెతకండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే నీడలో నీలం కాస్తా ఊదా అయిపోతుంది. డేలైట్‌లో పెట్టి రా ఫైలు (కెమెరా కుదించని ఫైలు) తీయండి. హిస్టోగ్రామ్‌లో (కెమెరా చూపే వెలుతురు గ్రాఫులో) నీలం గీతను విడిగా చూడండి, మొత్తం గీత బాగానే ఉన్నా అది ముందే కుడి గోడకు తగులుతుంది. అక్కడే నేలంతా పసుపు తివాచీలా పరుచుకుని మెరిసే పువ్వు కనిపిస్తుంది. అది లెసర్ సెలండైన్, యూరప్ నుంచి వచ్చి ఇక్కడి మొక్కల చోటు ఆక్రమిస్తున్న కలుపు. ఫొటో తీసుకోవచ్చు, మా నడకల్లో మాత్రం దాని దగ్గర ఆగం.

నల్లకాళ్ళ పిడుదులు చలి తగ్గగానే తిరగడం మొదలుపెడతాయి, లైమ్ జబ్బు వాటివల్లే. ప్యాంటును మేజోళ్ళలోకి దోపుకోండి, పెర్మెత్రిన్ బట్టలకు ముందురోజే కొట్టి ఆరబెట్టండి, ఒంటికి కొట్టకండి. చెట్లను పాకిన నూగు వేర్ల తీగకు ఆకు లేదని చెయ్యి ఆనించకండి. అది పాయిజన్ ఐవీ, ఆకు లేకపోయినా దురద తప్పదు.

ట్రిలియం బ్యాచ్ ఏప్రిల్ ఆఖరు, మే మొదటి వారం మధ్య, లిండెన్ దగ్గరి థాంప్సన్ వన్యప్రాణి ప్రాంతంలో. 17 ఏళ్ళు నిండి, వర్జీనియా వేట, ఉచ్చుల వేట లేదా మంచినీటి చేపల లైసెన్సు గానీ పడవ రిజిస్ట్రేషన్ గానీ లేనివాళ్ళు రాష్ట్ర వన్యప్రాణి శాఖ ప్రవేశ అనుమతి ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. అది మా ఫీజులో కలవలేదు. పోయినసారి ఈ ముక్క కింద చిన్న అక్షరాల్లో వేశాం, ఈసారి రసీదు మీద మొదటి లైనులోనే ఉంటుంది. ఆరుగురికి మించి తీసుకోం. ఇప్పటికి నాలుగు పేర్లు వచ్చాయి.