డ్యూక్ గారి వాటాల కథ

ఒరేయ్ ప్లీడరూ,

ఎలా ఉన్నావు? పోయిన ఆదివారం పిల్లల్ని తీసుకుని ఆక్స్‌ఫర్డ్ దగ్గర వుడ్‌స్టాక్‌లో ఉన్న బ్లెనిమ్ ప్యాలెస్‌కి వెళ్లొచ్చాం. మా ఆవిడకి తోటలు నచ్చాయి, పిల్లలకి ఐస్‌క్రీమ్ నచ్చింది. నాకు మాత్రం నువ్వే గుర్తొచ్చావు. ఆ గోడల మీది పటాలు చూస్తుంటే, నీ బీరువా మీద దుమ్ము పట్టిన పార్టిషన్ దావాల కట్టలే కళ్లముందు ఆడాయి.

అది మార్ల్‌బరో డ్యూకుల ఇల్లు. డ్యూక్ అంటే అక్కడి దొరల బిరుదుల్లో అన్నిటికన్నా పెద్దది. మొదటి డ్యూక్ జాన్ చర్చిల్ పెద్ద సేనాపతి. 1702లో ఆన్ రాణి ఆయనకి డ్యూక్ బిరుదు ఇచ్చింది. 1704లో ఫ్రెంచి సైన్యాన్ని ఓడించినందుకు ఈ ఎస్టేట్ కూడా ఇచ్చింది. దీనికి అద్దె ఎంతో తెలుసా? ఏటా ఆగస్టు 13న, అంటే ఆ యుద్ధం గెలిచిన రోజున, రాజుగారికి ఒక ఫ్రెంచి జెండా ఇవ్వాలి. అంతే! మన ఊళ్లో కౌలు ఇంత చవగ్గా ఎవరిస్తార్రా?

ఇక అసలు సంగతి. అక్కడ బిరుదు ఎవరికి పోవాలో తండ్రి విల్లు రాయడానికి లేదు. మొదట బిరుదిచ్చిన పత్రంలో ఏం రాశారో అదే చెల్లుతుంది. మామూలుగా అందులో ఉండేది మగ సంతానం, వాళ్ల మగ సంతానం అనే. దత్తత కూడా పనికిరాదు. కొడుకు లేకపోతే మన జమీందార్లు దత్తత చేసుకుని గట్టెక్కేవాళ్లు, వీళ్లకి ఆ దారీ లేదు.

ఈ చర్చిల్ గారికేమో ఒక్కడే కొడుకు మిగిలాడు. ఆ కుర్రాడు కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటూ 1703లో మశూచి వచ్చి పోయాడు. మిగిలినవాళ్లంతా ఆడపిల్లలే. అంత గొప్ప బిరుదు ఆయనతోనే మట్టి కొట్టుకుపోతుందని 1706లో ఏకంగా పార్లమెంటులో చట్టం చేయించి కూతుళ్లకి దారి తెరిచారు. ఆయన 1722లో పోతే పెద్ద కూతురు హెన్రియెట్టా తన సొంత హక్కుతో డచెస్ (అంటే ఆడ డ్యూక్) అయింది. ఆమె కొడుకు ఆమెకంటే ముందే పోయాడు. 1733లో ఆమె పోయేనాటికి కూతుళ్లున్నారు. మరి వాళ్లకి వచ్చిందా? లేదు! చట్టంలో రాసిన వరస ప్రకారం చెల్లెలి కొడుకు చార్ల్స్ స్పెన్సర్‌కి పోయింది. తలుపు తీశారు కానీ గొళ్లెం మగాళ్ల చేతిలోనే ఉంచుకున్నారన్నమాట. ఆ చార్ల్స్ తమ్ముడి వంశంలోనే మన డయానా పుట్టింది. స్పెన్సర్లకి చర్చిల్ పేరు మళ్లీ తగిలించింది 1817లో.

నాకు బాగా నచ్చిన ముక్క ఇప్పుడు చెప్తా. 1892లో తొమ్మిదో డ్యూక్ వచ్చేసరికి ఆయనకింకా పెళ్లి కాలేదు. అప్పటికి వరసలో తర్వాతివాడు ఆయన బాబాయి రాండాల్ఫ్. 1895 జనవరిలో రాండాల్ఫ్ పోయాక ఆ స్థానంలోకి వచ్చింది ఆయన కొడుకు విన్‌స్టన్ చర్చిల్! ఆ ఏడాదే డ్యూక్ అమెరికా కోటీశ్వరుల పిల్ల కాన్సుయెలో వాండర్‌బిల్ట్‌ని చేసుకున్నాడు. కట్నంగా రైల్వే షేర్లు వచ్చాయి, 25 లక్షల డాలర్ల విలువైనవి. కొత్త కోడలు వెళ్లి దణ్ణం పెడితే డ్యూక్ గారి మామ్మ ఏమందో తెలుసా? నీ మొదటి పని కొడుకుని కనడం, ఆ విన్‌స్టన్ గాడు డ్యూక్ అయితే మేం భరించలేం అందట. ఈ మాట ఆ కోడలు పిల్లే తర్వాతెప్పుడో రాసుకుంది. 1897లో కొడుకు పుట్టాడు, విన్‌స్టన్ వరసలో వెనక్కి జరిగాడు. ఒకవేళ అతను డ్యూక్ అయ్యుంటే జనం ఎన్నుకునే కామన్స్ సభలో కూర్చోడానికి వీలుండేది కాదు. వారసత్వంగా వచ్చిన బిరుదు వద్దనుకునే వీలు 1963 దాకా లేనే లేదు. ఓ పసిగుడ్డు ఏడుపుతో చరిత్ర ఎటు తిరిగిందో చూడు.

నీకోసం ఒక కేసు కూడా పట్టుకొచ్చా. 1994లో పదకొండో డ్యూక్‌కి, ఎస్టేట్ కొడుకు చేతికిస్తే నిలబడదేమోనని బెంగ పట్టుకుంది. కోర్టుకెళ్లి ఆస్తిని ట్రస్టు చేతిలో పెట్టించారు. హాంబ్రో వర్సెస్ డ్యూక్ ఆఫ్ మార్ల్‌బరో, వెతికి చదువు. ఆస్తి మీద కళ్లెం వేయగలిగారు కానీ బిరుదుని ఎవరూ ముట్టుకోలేకపోయారు. 2014లో తండ్రి పోగానే ఆ కొడుకే పన్నెండో డ్యూక్.

మా పెద్దది ఇదంతా విని, "నాన్నా, మరి అక్క ఉంటే?" అంది. తమ్ముడికే పోతుందన్నాను. రాజు సింహాసనానికి 2013లో ఆ నియమం మార్చారు కదా, వీళ్లకెందుకు మార్చలేదు అని కారెక్కేదాకా నన్ను పీక్కుతింది. నా దగ్గర జవాబు లేదు. నువ్వే ఫోన్ చేసి దానికి చెప్పు, నీ ఫీజు సంక్రాంతికి వచ్చినప్పుడు ఇస్తాలే.

అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నా దణ్ణాలు చెప్పు.

నీ
లండన్ దొర