రోకలి, రాగి చెంబు, మామ గడియారం

అనంతపురం,
14 సెప్టెంబరు 2025

ఒరేయ్ శీనా,

ఫోన్ చేసి "గ్రహణం చూసినావా?" అని అడిగితివి, నేను నోరు తెరిచేలోగా బస్సొచ్చిందని పెట్టేస్తివి. అది ఒక్క ముక్కలో అయ్యే కథ కాదప్పా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తాండా. నువ్వూ తీరిగ్గానే చదువు.

పోయిన ఆదివారం రాత్రి చంద్రగ్రహణం గదా, ఆ పొద్దున్నే బుక్కరాయసముద్రం పోయినా, అమ్మ దగ్గరికి. చెల్లెలు కూడా అక్కడే ఉంది. ఐదో నెల దాటింది. నేను పోయేసరికి ఇల్లంతా కర్ఫ్యూ మాదిరి ఉండాది. ఊరగాయ జాడీల మీద గరిక, బియ్యం డబ్బా మీద గరిక, నీళ్ళ బిందె మీద గరిక, ఆఖరికి ఫ్రిజ్ మీద కూడా. పాలకా, ఫ్రిజ్‌కా అని అడిగితే అమ్మ "రెండిటికీ" అనింది. తిరుమలలో మధ్యాహ్నం మూడున్నరకే తలుపులు వేసినారు గదా, మా అమ్మా సరిగ్గా అదే టైముకు వంటింటికి గొళ్ళెం పెట్టింది. శ్రీకాళహస్తిలో గుడి తీసే ఉంటారు గదమ్మా అన్నా. "అది రాహుకేతువుల చోటు. వాళ్ళింటికి వాళ్ళొస్తే తలుపులెందుకు వేస్తారు?" అనింది. దీనికి ఏం జవాబు చెప్పాలో నీకు తెలిస్తే రాయి.

చెల్లెలి గది కిటికీకి రెండు దుప్పట్లు కట్టింది. కత్తి ముట్టకూడదు, సూది ముట్టకూడదు, గోళ్ళు తీసుకోకూడదు, అట్ల కదలకుండా పడుకోవాల. పాపం అమ్మను నేను తప్పుపట్టను. మన మాటలోనే ఉంది గదరా, పెదవి చీలి పుడితే మనం ఏమంటాం? గ్రహణం మొర్రి. పేరులోనే కారణం పెట్టేసినారు మన పెద్దోళ్ళు. ఇంక సైన్సు ఎక్కడ దూరాల?

చెల్లెలు పొద్దున తను చూపించుకునే డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన "అవన్నీ మూఢనమ్మకాలమ్మా" అని ఒక్క మాట అని పెట్టేసినాడు. అది విని అమ్మ మూడో దుప్పటి వెతికింది. సాయంత్రం వీధిలో ఆశా కార్యకర్త పోతాంటే అమ్మే పిలిచింది. ఆమె గడపలో కూర్చుని, నీళ్ళు తాగి, ముందు అమ్మ చెప్పేదంతా వినింది. మా చిన్నప్పుడు ఆ పక్కవీధిలో అట్ల పుట్టిన పిల్లోని కథ కూడా వినింది. తర్వాత మెల్లగా చెప్పింది. "అమ్మా, బిడ్డకు పెదవి, అంగిలి కలిసిపోయేది మొదటి మూడు నెలల్లోనే. అప్పుడు కలవకపోతే మొర్రి వస్తుంది. కొందరికి వంశంలోనే ఉంటుంది, కొందరికి వేరే కారణాలు. అందుకే మొదట్నుంచీ ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోమంటాం. మీ పాపకు ఐదో నెల స్కానింగులో పెదవి చూసినారు, బాగుందని రాసిచ్చినారు. అతుక్కున్న పెదవిని చంద్రుడొచ్చి ఎట్ల చీలుస్తాడు?"

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇట్ల చెప్తే వినమా మేము?" అనింది. రాత్రి పదకొండున్నరకు చెల్లెల్ని పది నిమిషాలు మిద్దె ఎక్కనిచ్చింది. కొప్పులో గరిక పెట్టే పంపింది, అది వేరే సంగతి.

ఇంక మిద్దె మీద కథ. నేను, పెద్దమామ, పక్కింటి పిల్లోళ్ళు నలుగురు. ఉడకబెట్టిన బుడ్డలు (వేరుశనగ కాయలు) దొంగతనంగా తెచ్చి పెట్టుకున్నాం, అమ్మకు తెలీదు, నువ్వూ చెప్పొద్దు. మామ పంచాంగం చంకలో పెట్టుకుని, చేతికి ఆ పాత హెచ్ఎంటీ గడియారం కట్టుకుని వచ్చినాడు. రేడియో టైముకు కలిపినాడంట, సెకండ్లతో సహా. నా ఫోన్‌లో పాక్షిక గ్రహణం మొదలు 9.57 అని ఉండాది. మామ పంచాంగంలో స్పర్శ కాలం కూడా నిమిషం అటూ ఇటూ అదే. "మీ సైన్సోళ్ళు మా సిద్ధాంతి దగ్గర కాపీ కొట్టినారు" అన్నాడు. "సిద్ధాంతులే ఇప్పుడు దృగ్గణితమని ఖగోళ లెక్కలు వాడుతాండారు మామా" అంటే, "అయితే ఇద్దరూ ఒకటే, ఇంక కొట్లాట దేనికి?" అన్నాడు. ఆర్యభటుడు పదిహేను వందల ఏళ్ళ కిందటే భూమి నీడే చంద్రుణ్ణి కప్పేది అని రాసి పెట్టిపోయినాడని చెప్తే మాత్రం, ఆయన మనోడేనా అని ఒకటికి రెండుసార్లు అడిగినాడు.

9.50 నుంచి ఎవురూ మాట్లాడలేదురా. మామ గడియారం చూస్తాడు, తలెత్తుతాడు, మళ్ళీ గడియారం. 9.58 అయ్యేసరికి ఎడం పక్క అంచు మీద మసి పూసినట్లు చిన్న మరక. "పట్టింది రా!" అని అరిచినాడు, తానే పట్టించినట్లు. ఆ అంచు గుండ్రంగా ఉండేది చూడమని పిల్లోళ్ళకు చూపించినా. గుండ్రటి వస్తువు నీడే అట్ల ఎప్పుడూ గుండ్రంగా పడేది, ఆ నీడలో మనం కూడా ఉన్నాం అంటే, ఒక పిల్లోడు చెయ్యి పైకెత్తి ఊపి, నీడలో కనపడుతుందేమోనని చూసినాడు.

తర్వాత మోడం వచ్చింది. ముక్కాలు గంట ఏం కనపడలేదు. అప్పుడు మొదలుపెట్టినాడు మామ. "వెయ్యేళ్ళ తర్వాత గ్రహణం నిమిషంతో సహా చెప్తారంట. రేపు బుడ్డల చేనికి వాన వస్తుందా రాదా అంటే, అక్కడక్కడా జల్లులు పడే అవకాశం అంటారు. నా చేను అక్కడా, అక్కడక్కడనా?" గుర్తుందా, మనం చిన్నగా ఉన్నప్పుడు వాన కురిపించేదానికి మేఘమథనం అని విమానాలు తిరిగినాయి. విమానం పోయిన పక్కే మోడం చెదిరిపోయిందని ఊరంతా అనుకునింది. మామకు ఆ కోపం ఇంకా దిగలేదు.

నేనూ నాకు తెలిసినంత చెప్పినా. గ్రహణానికి లెక్క కట్టాల్సింది సూర్యుడు, భూమి, చంద్రుడు. చంద్రుడి దారి ఐదు డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి ప్రతి పున్నమికీ పట్టదు. ఆ వాలు తెలిస్తే లెక్క తప్పదు. వానకైతే గాలి, తేమ, ఎండ, సముద్రం అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఇక్కడ చిన్న తేడా పడితే వారానికి పెద్ద తేడా అవుతుంది. మామ బుడ్డ ఒలుస్తా వినినాడు. "అయితే ఆ మాటే చెప్పమను. మాకు ఇంతవరకే తెలుసు, ఇంతకు మించి తెలీదు అని చెప్తే వాళ్ళను ఎవురు తిడతారు?" అన్నాడు.

మళ్ళీ ఆయనే అన్నాడు, కదిరి వాళ్ళను మాత్రం ఏమీ అననని. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కే-6 బుడ్డల విత్తనం ఆయన ఇన్నేళ్ళు వేసినాడు, ఇప్పుడు కదిరి లేపాక్షి వేసినాడు. చేలో చూసినాడు, కాయ లెక్కపెట్టినాడు, నమ్మినాడు. ఎవురో చెప్తే కాదు.

పదకొండుంబావుకు మోడం ఒక్కసారి విడిపోయిందిరా శీనా. దాదాపు నడినెత్తి మీద. తోమని రాగి చెంబు ఉంటుంది చూడు, అడుగున నల్లగా, మెడ దగ్గర ఎర్రగా, అట్లాంటి రంగు. భూమి చుట్టూ ఉన్న గాలి పొరలోంచి వంగి పోయిన ఎండే ఆ ఎరుపు. నీలం దారిలోనే చెదిరిపోతుంది, ఎరుపు మిగిలి చంద్రుడి మీద పడుతుంది. పున్నమి రాత్రి చుక్కలు అన్ని కనపడటం నేనెప్పుడూ చూడలేదు. తూర్పు పక్క కొంచెం ఎడంగా శని గ్రహం. చెల్లెలి వెనకే అమ్మ కూడా పైకొచ్చిందిలే, కొంగు తల మీదికి లాక్కుని. శని కూడా ఉన్నాడని చెప్పినాక అర నిమిషం నిలవలేదు.

ఇంకోటి గుర్తొచ్చింది. అదే సెప్టెంబరు 7. 2019లో మన బెంగళూరు రూములో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండరు చంద్రుడి మీద దిగేది చూద్దామని మేలుకున్నాం గదా, 2.1 కిలోమీటర్ల ఎత్తులో సిగ్నల్ పోయింది, నువ్వు చెంబు నేలకేసి కొట్టినావు. ఆ అర్ధరాత్రి అప్పటి ఇస్రో చైర్మన్ శివన్ గారు లైవులోనే సిగ్నల్ తెగిపోయిందని చెప్పినాడు. తెల్లారి దేశమంతా ఆయనతో కలిసి ఏడ్చింది, ఆయన్ను తిట్టినోళ్ళు మన కాలేజీలో ఒక్కరూ లేరు. ఆగస్టు 23, 2023న చంద్రయాన్-3 దిగినప్పుడు మామ ఊరంతా కలకండ పంచినాడు. ప్రయోగానికి ముందు ఇస్రో వాళ్ళు చిన్న రాకెట్టు బొమ్మతో తిరుమల పోయినందుకు నువ్వు నవ్వితివి. మామ నమ్మింది దానికే.

ఈ జనవరిలో ఒక పెద్ద సర్వే అచ్చయింది, 68 దేశాల్లో దాదాపు 72 వేల మందిని శాస్త్రవేత్తలను ఎంత నమ్ముతారని అడిగినారు. ఐదుకు సగటు 3.62. ఈజిప్టు మొదట, మన దేశం రెండోది! ఎక్కువగా ఆన్‌లైన్‌లో అడిగిందే, మామ లాంటోళ్ళను ఎవురూ అడిగుండరు. నాకు నచ్చింది ఇంకో లెక్క. శాస్త్రవేత్తలకు పని తెలుసు అన్నోళ్ళు 78 శాతం. ఎదుటివాళ్ళ మాట పట్టించుకుంటారు అన్నోళ్ళు 42 శాతమే. చదవంగానే ఆ డాక్టరు, ఆ ఆశా ఆమె ఇద్దరూ కళ్ళ ముందుకొచ్చినారు.

అసలు రోకలి సంగతి మర్చిపోయినా. పదకొండు గంటలకు కింద వీధిలో "నిలబడింది, నిలబడింది!" అని కేకలు. ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోసి రోకలి పెట్టినారు, పట్టకుండానే నిలబడింది. గ్రహణం విడిస్తే పడుతుందంట. నేను వాదించలేదు. మంగళవారం మధ్యాహ్నం, గ్రహణం గిహణం లేనప్పుడు, అమ్మ ముందరే అదే రోకలి, అదే తాంబాళం పెట్టినా. రెండుసార్లు పడింది. మూడోసారి ఊపిరి బిగబట్టి వదిలితే, నిలబడింది. అడుగు బల్లపరుపుగా ఉంటే నిలబడక ఏం చేస్తుంది? అమ్మ చుట్టూ తిరిగి చూసింది, వేలితో తోసింది, మళ్ళీ తనే నిలబెట్టింది. "పాత రోకలి కదా, మంచిది" అనింది.

నేను ఊరికి బయల్దేరేటప్పుడు అందరికీ ఉగ్గాని బజ్జీ పెట్టింది. మామ తింటా తింటా అడిగినాడు, మళ్ళీ ఎప్పుడు అని. వచ్చే మార్చి 3న, పున్నమి, ఈసారి పట్టిన చంద్రుడే పుడతాడు అన్నా. "గ్రస్తోదయమా!" అని లేచి క్యాలెండరు తెచ్చినాడు. సాయంత్రం 6.47కు మోక్షం, అంటే గ్రహణం విడిచేది అని చెప్తే పెన్నుతో రాసుకున్నాడు, పక్కన ప్రశ్న గుర్తు పెట్టినాడు. అదెందుకు మామా అంటే, "చూసినాక కొట్టేస్తా" అన్నాడు.

నువ్వు ఆ వారం సెలవు పెట్టి రా. ఈసారి చెరువు దగ్గర ముసలమ్మ కట్ట మీదికి పోదాం, తూర్పు దిక్కు అడ్డం లేకుండా కనపడుతుంది. బుడ్డలు నేను తెస్తా, ఉప్పు నువ్వు తే, పోయినసారి మర్చిపోయినాం.

నీ
రఘు