మంత్రి గారూ, గోల్కొండని ఒకసారి కందకం అవతల నుంచి చూద్దాం రండి

తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. గోల్కొండ అంటే మనందరికీ తెలిసింది ఒకటే దారి. టికెట్ తీసుకుంటాం, దర్వాజా కింద చప్పట్లు కొడతాం, ఆ చప్పుడు పైన కొండకొన మీది బాలాహిస్సార్‌లో వినబడిందా అని అడుగుతాం, మెట్లెక్కి ఊరంతా చూసి ఫొటోలు దిగి దిగొచ్చేస్తాం. చిన్నప్పటి నుంచి నేనూ అలాగే చూశాను, అంటే ఎప్పుడు చూసినా సుల్తాను నిలబడ్డ చోటు నుంచే చూశాను. పోయినేడు వానాకాలంలో మా అబ్బాయి "నాన్నా, ఇంత పెద్ద కోటలోకి మొఘలులు అసలెలా వచ్చారు?" అని అడిగితే నా దగ్గర సరైన జవాబు లేక, సరే పద, వాళ్ళు నిలబడ్డ వైపు నుంచే చూద్దామని ఫతే దర్వాజా బయట నుంచి గోడ వెంబడే నడక మొదలుపెట్టాం.

పావుగంటలోనే అర్థమైంది. కందకం అంచున ముళ్ళపొదల మధ్య బురదలో నిలబడి మెడ వెనక్కి వంచితే గానీ గోడ పైభాగం కనిపించదు. రాళ్ళు మామూలు రాళ్ళు కావు, కొన్ని ఒక్కోటి టన్ను పైమాటే. రెండు రాళ్ళ మధ్య మావాడు వేలు పెట్టబోతే గోరు కూడా దూరలేదు. బురుజులు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి ఎక్కడ నిలబడ్డా రెండు పక్కల నుంచీ మనమీద కన్ను ఉన్నట్టే ఉంటుంది, నక్కడానికి చోటే లేదు. మావాడు మాట్లాడటం మానేశాడు. పై నుంచి చూసినప్పుడు అందంగా కనిపించిన గోడే అది.

1687లో ఆ నేల మీద ఎనిమిది నెలలు మనుషులు బతికారండీ. చరిత్ర పాఠంలో "ఔరంగజేబు గోల్కొండను ముట్టడించెను" అని ఒక్క ముక్కలో అయిపోతుంది. కానీ తవ్వింది, మోసింది, చచ్చింది పాదుషా కాదు కదా. కందకం పూడ్చడానికి గుడ్డ సంచుల్లో మట్టి నింపి పడేసేవాళ్ళు, మొదటి సంచి ఔరంగజేబు వజూ (నమాజుకి ముందు చేసే శుద్ధి) చేసుకుని తన చేత్తోనే కుట్టాడని ఆ కాలం వాళ్ళు రాశారు. ఆ తర్వాత వేల సంచులు భుజాన వేసుకుని గుళ్ళ వానలోకి నడిచిన వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. మే నెలలో ఒక రాత్రి మొఘల్ సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు తాడు నిచ్చెనలతో గోడెక్కబోతే పైనున్న ఒక వీధికుక్క మొరిగి కోటవాళ్ళని లేపేసింది. గోల్కొండ చివరి సుల్తాను తానీషా ఆ కుక్కకి బంగారు గొలుసు వేయించాడని మన గైడ్లు సంబరంగా చెబుతారు. చెప్పాల్సిందే, మంచి కథ. కానీ అప్పటికే నిచ్చెన సగం ఎక్కేసి, కింద చీకటి, పైన అరుపులు, మధ్యలో చేతిలో తాడు తప్ప ఏమీ లేని వాడి సంగతి? జూన్‌లో మొఘలులు బురుజు కిందకి సొరంగాలు తవ్వి మందుగుండు కూరితే, లోపలివాళ్ళు పసిగట్టి కొంత మందు తీసేసి నీళ్ళు పోశారు. అంటించేసరికి అది బయటికి పేలి, రాళ్ళన్నీ దాడికి సిద్ధంగా నిలబడ్డ సొంత సైనికుల మీదే పడ్డాయి. ఆపైన వానలు. మంజీర పొంగి తిండిగింజలు రాలేదు, దండులో కరువు, రోగాలు. కాగజీ బురుజు కథ కూడా ఉంది, ఫిరంగులతో కూలగొట్టిన బురుజు స్థానంలో కోటవాళ్ళు రాత్రికి రాత్రి కాగితం, గుడ్డలతో ఉత్తుత్తి బురుజు నిలబెట్టారట. తెల్లారి లేచి దాన్ని చూసిన సైనికుడి గుండె ఎలా జారిపోయి ఉంటుందో గోడ కింద నిలబడితేనే తెలుస్తుంది.

చివరికి గోడ పడలేదు. సెప్టెంబరు 21 తెల్లవారుజామున కోటలోని సేనాని అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం తిని ఒక దిడ్డి తలుపు తీశాడు, అంతే. ఎందుకు లంచమే దిక్కయిందో బాలాహిస్సార్ మీద ఎంత చెప్పినా ఎక్కదు, బయట అరగంట నడిస్తే చెప్పక్కర్లేదు.

ఇది ఔరంగజేబుని పొగడటం కాదు. డెబ్బై దాకా గాయాలైనా కత్తి దించని తానీషా సేనాని అబ్దుర్ రజాక్ లారీ అంటే నాకు ప్రాణం. కానీ బయటివాళ్ళ కథ కూడా మన ఊరి కథే. ఈ ముట్టడిలోనే ఫిరంగి దెబ్బకి చెయ్యి పోగొట్టుకుని, వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే రెండో చేత్తో కాఫీ తాగుతూ కూర్చున్న మొఘల్ సేనాని కిలిచ్ ఖాన్ సమాధి హిమాయత్‌సాగర్ దగ్గరే ఉంది. ఆయన మనవడే మొదటి నిజాం. ఆ వంశమే 1948 దాకా ఈ నేలని ఏలింది. గోల్కొండ చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఎంతమందికి ఆ సమాధి దాకా దారి చూపిస్తున్నాం?

అందుకే అడుగుతున్నాను. కోట కేంద్ర పురావస్తు శాఖ చేతుల్లో ఉందని తెలుసు, వాళ్ళతో మీరు కూర్చుని మాట్లాడితే ఫతే దర్వాజా నుంచి కందకం వెంబడి కోటలోని పెట్ల బురుజు వైపు ఒక కాలిబాట వేయించడం పెద్ద పనేం కాదు. సిమెంటు వద్దు, గ్రానైటు పలకలు అసలే వద్దు, మట్టిబాట చాలు. పొదలు కొట్టించండి, కందకంలో చెత్త పోయకుండా చూడండి. ఎక్కడ ఏం జరిగిందో తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో చిన్న బోర్డులు పెట్టించండి. అక్కడి పాత గైడ్లకి ఈ వైపు కథలు కూడా నేర్పిస్తే వాళ్ళకి ఇంకో పూట సంపాదన. బడిపిల్లల్ని ముందు బయట నడిపించి, ఆ తర్వాత లోపలికి తీసుకెళ్ళమనండి.

వీలైతే మీరే ఒక ఆదివారం ఉదయం ఆరింటికి రండి సార్, ఎండ ఎక్కక ముందే. ఫతే దర్వాజా బయట నేనూ మా అబ్బాయీ ఉంటాం. వాన పడి ఉంటే మాత్రం గట్టి బూట్లు వేసుకోండి, కందకం పక్కన బాగా జారుతుంది.

ఇట్లు,
గోల్కొండని ఇన్నేళ్ళూ ఒక వైపే చూసిన ఒక హైదరాబాదీ